మెల్లగా పిలిచిన పిలుపు

కోర్టులో పెంటయ్య పిలిచిన మొదటి పిలుపు, పిలిచిన ముప్పయ్యేళ్ళకు, ఈ పొద్దున సాయవ్వ బియ్యం కడుగుతుండగా ఆమె చెవికి చేరుతుంది. "సాయవ్వా" అంటుంది. ఎంతో దూరం నడిచి వచ్చిన పిలుపు కదా, ఒళ్ళంతా దుమ్ము. సాయవ్వ దాన్ని కొంగుతో తుడిచి ఇంకోసారి వింటుంది. అనుమానం లేదు, పెంటయ్య గొంతే.

ఇందులో వింతపడేదేమీ లేదు. ఎంత మెల్లగా పిలిస్తే పిలుపు అంత మెల్లగా నడుస్తుంది. ఆ రోజు కోర్టు బంట్రోతు పెంటయ్యకు మురహరిరావు దొర పట్టు శాలువా కప్పాడు. భుజాలకు కప్పి ఊరుకున్నాడా అంటే లేదు, నోటి మీదుగా కూడా రెండు చుట్లు చుట్టాడు. పెంటయ్య ఆ శాలువా లోపలి నుంచే సాయవ్వ పేరు మూడుసార్లు పిలిచాడు. పొద్దుటి నుంచి పచ్చి గంగ ముట్టకుండా కోర్టు అరుగు మీద చెవులు రిక్కించుకుని నిలబడ్డ మనిషికి ఒక్క పిలుపూ వినపడలేదు. వాది గైర్హాజరని రాసి కేసు కొట్టేశారు. ఆమె తండ్రి బావి తవ్విన రెండెకరాల రేగడి చేను దొర పాలయింది. ఎంత మర్యాదగల దొంగతనమో చూడండి, శాలువా కప్పి మరీ చేశాడు.

అప్పటి నుంచి సాయవ్వ కడుపులో కుంపటి ఆరలేదు. ఇన్నేళ్ళూ దాని మీదే అన్నం వండుకుని తింటోంది.

ఒక పిలుపు వచ్చిందంటే ఇంకా రెండు దారిలో ఉన్నట్టే. మూడోది ముగిసేలోగా జడ్జి ముందు నిలబడి పలికితే చేను ఆమెది. పలకకపోతే ఇక ఆమె పేరు పిలిచేవాడు లోకంలో పుట్టడు. సాయవ్వ బియ్యం అలాగే వదిలేసి, చెప్పులైనా తొడుక్కోకుండా బయలుదేరుతుంది.

కోర్టు ఉండాల్సిన చోట మెట్లు మాత్రమే ఉన్నాయి. ఆఖరి మెట్టు మీద పెంటయ్య బీడీ కాలుస్తున్నాడు. శాలువా ఇంకా నోటి చుట్టూ ఉండడంతో పొగ చెవుల్లోంచి పోతోంది.

"కోర్టేది పెంటయ్యా?"

"వానలకు కురుస్తున్నదని పుస్తకంలకు మార్చిన్రు సాయక్కా. దొర రాయించిండు గద, మన తాలూకా చరిత్ర, అండ్లకు. ఆ పుస్తకం ఆయన కట్టించిన లైబ్రరీల ఉన్నది. లైబ్రరీ నీ చేన్ల ఉన్నది."

"నన్ను పిలిచిన పిలుపు ఇన్నేండ్లు నడుస్తాంటే నువ్వేం జేసినవ్?"

"దాని ఎనకనే నీ వాకిట్ల దాక నడిసి, నీ కంటె ముందుగాల మళ్లొచ్చిన. దాటిపోయి నీకు చెప్పుడు మర్యాద గాదని ఊకున్న."

"నీ మర్యాద మంటల వడ," అంటుంది సాయవ్వ. "లే, నడువు."

లైబ్రరీ గడప దగ్గర రెండో పిలుపు ఎదురొస్తుంది. మొదటిదానికన్నా చిన్నది, మోకాలెత్తు ఉంటుందేమో. "సాయవ్వా" అంటుంది ఆయాసపడుతూ. ఇక్కడ పలికితే చెల్లదు. సాయవ్వ దాని తల నిమిరి లోపలికి పోతుంది.

పుస్తకం గది నడుమ నిలబెట్టి ఉంది. అట్ట తలుపంత ఉంది, ఇద్దరూ కలిసి తోస్తే గాని తెరుచుకోదు. కోర్టున్న పేజీ మొదట్లో పెద్ద అక్షరాలున్నాయి. సాయవ్వకు చదువు రాదు, పెంటయ్య చదివి పెడతాడు. "ఈ చేను మొదటి నుంచీ బీడు. దాని మీద హక్కు గలవారెవరూ లేరు. సాయవ్వ అనే స్త్రీ ఉన్నట్టు ఆధారాలు లేవు."

సిరా ఇంకా తడిగా, మడమ లోతున ఉంది. తాను లేనన్న వాక్యాన్ని తొక్కుకుంటూ సాయవ్వ లోపలికి నడుస్తుంది.

జడ్జిగారు బల్ల వెనక ఉన్నారు. ఆయన నడుము కింది భాగం వెనక పేజీలో అచ్చయింది కాబట్టి లేవలేరు. ఎదురుగా మురహరిరావు దొర, ఒక్క వెంట్రుకా నెరవకుండా, ఫోటోకు నిలబడ్డట్టు నిలబడి ఉన్నాడు. అచ్చయినవాళ్ళకు ముసలితనం రాదు. పాపమంతా అవతలివాళ్ళకే నెరుస్తుంది.

మూడో పిలుపు నేల మీద వస్తోంది. చీమంత ఉంది. సాయవ్వ వంగేలోపే దొర కిర్రుచెప్పు దాని మీద పెడతాడు.

"పిలుసుడు అయిపోయింది సారూ," అంటాడు నవ్వుతూ. "ఆమె పలకలే."

సాయవ్వ చెవులకు ఏమీ వినపడదు. ఆ రోజులాగే.  ఇంతలో అరికాలు జివ్వుమంటుంది. కాగితం కింద ఉన్నది ఆమె రేగడే కదా, నాయన తవ్విన బావే కదా. చెప్పు కింద నలిగిన పిలుపును మట్టి అందుకుని, బెడ్డ నుంచి బెడ్డకు అందిస్తూ ఆమె కాలికి చేరుస్తుంది. అది మోకాలెక్కి, కడుపులో కుంపటిని చేరి భగ్గుమంటుంది. సాయవ్వా.

"ఉన్న సారూ," అంటుంది సాయవ్వ. "ఆ దినం గూడ ఉన్న."

జడ్జిగారు చట్టం పుస్తకం తిరగేస్తారు. "చెవితోనే వినాలని చట్టంలో ఎక్కడా లేదు. వాది హాజరు. చేను ఆమెది. ఇక దొరను పిలవండి, శిక్ష వినిపించాలి."

పెంటయ్య నోరు తెరుస్తాడు. గొంతులో పిలుపు ఒక్కటీ లేదు, ఆ మూడింటితోనే సరుకు అయిపోయింది. శాలువా విప్పి సాయవ్వ చేతిలో పెడతాడు. బంట్రోతుకు పిలుపులు అయిపోతే గెలిచినవాళ్ళే పిలవాలంటారు జడ్జిగారు.

సాయవ్వ శాలువా దులుపుతుంది. ఏమీ తొందర లేదు. నోటి చుట్టూ ఒక చుట్టు చుడుతుంది. ఇంకో చుట్టు. శాలువా అయిపోయేదాకా చుడుతూనే ఉంటుంది. దొర ముఖం మీద అచ్చు వెలవెలబోతుంది.

"జర గట్టిగ పిలువు సాయవ్వా. నీ కాల్మొక్త." ఊరంతా ఆయన ముందు వంగి అన్న మాట అది. ఆయన నోట రావడం ఇదే మొదలు.

"నేను ముప్పయ్యేండ్లు ఆగిన గద దొరా. నీకేం తొందర?"

ఆమె పిలుస్తుంది. పిలుపు జొన్నగింజంత పడి, దొర వైపు దొర్లడం మొదలుపెడుతుంది. పిలుపు అందనివాడికి కోర్టు వదిలిపోయే హక్కు లేదు, కూర్చునే హక్కు లేదు, చచ్చే హక్కూ లేదు. కాబట్టి దొర నిలబడతాడు, ఒక చెవి నేలకు వంచి.

అక్షరాల సందుల్లోంచి జొన్న మొలుస్తుంది. లైబ్రరీ కప్పు లేచిపోతుంది. సాయవ్వ బావిలో చేద వేసి కడుపు నిండా నీళ్ళు తాగుతుంది, కుంపటి చుయ్యిమంటుంది. వినాలన్న ఆత్రంతో దొర చెవి పెరుగుతూ పోతుంది, చేటంత, చాపంత, కళ్ళమంత. దాని అంచులు చేలో పరుచుకుంటాయి.

ఎండ బాగా కాస్తోంది. సాయవ్వ ఆ చెవిలో మిరపకాయలు ఎండబోస్తుంది. ఎంతో కాలానికి పిలుపు చెవి అంచుదాకా వచ్చి, పైకెక్కడానికి చూస్తుంది. దొర ఊపిరి బిగబడతాడు. సాయవ్వ కిందికి వంగి ఉఫ్‌మని ఊదుతుంది. గింజ గట్టు దాటి అవతలెక్కడో పడుతుంది. ఆమె మిరపకాయలను కలియదిప్పి, రెండోవైపు ఎండకు పెడుతుంది.