ముప్పై ఒకటో పేజీ

నేను ఒక కాలేజీ పత్రికను. చదువు ముగించి వెళ్లిపోయినవాళ్ల ఇళ్లకు ఏడాదికొకసారి కాలేజీ కబుర్లు మోసుకెళ్లడం నా పని. కొత్త లైబ్రరీ ఫొటో, రిటైరైన లెక్కల సారుకు జరిగిన సన్మానం, జిల్లా కబడ్డీలో గెలిచిన ఆడపిల్లలు, ఎవరెవరు ఎక్కడ స్థిరపడ్డారన్న వివరాలు అన్నీ నాలో ఉన్నాయి. వాటి గురించి గొప్పగా చెప్పుకోవాలనే ఉంటుంది. కానీ నా ముప్పై ఒకటో పేజీ గుర్తొస్తే నోరు పెగలదు.

కరీంనగర్‌లో ఒక ఇరుకు ప్రెస్సులో పుట్టాను. నాతోపాటు మరో ఆరు వందల ప్రతులు. మా సంపాదకురాలు నజీమా మేడమ్, బోటనీ లెక్చరర్. పాత విద్యార్థుల శీర్షికకు ఎవరూ రాయడం లేదని ఆమె ఫోన్ మీద ఫోన్ చేస్తే, ఎనభై రెండులో డిగ్రీ పూర్తిచేసిన సుదర్శన్ ఒక హాస్య వ్యాసం పంపాడు. ఆయన వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. వ్యాసం పేరు ‘ఓదెలు ధడేలు’.

ఓదెలు ఆ రోజుల్లో ల్యాబ్ అటెండరు. ప్రాక్టికల్ పరీక్ష రోజున క్లాసంతా చూస్తుండగా, బల్ల మీద మైక్రోస్కోపుకు కప్పిన గుడ్డ లాగాడు. గుడ్డతోపాటు అదీ వచ్చి కింద పడింది. కాలేజీలో ఉన్న ఒకే ఒక్క మంచి మైక్రోస్కోపు ముక్కలైంది. ఓదెలు బిక్కమొహం వేసి గుడ్డను పట్టుకుని ఎలా నిలబడ్డాడో సుదర్శన్ చెయ్యి తిరిగినవాడిలా రాశాడు. ప్రెస్సులో ప్రూఫులు చూసేవాడు కూడా నవ్వాడు. నిజం చెప్పాలంటే, ఆ పేజీ నాలో ఉన్నందుకు నేనూ మురిసిపోయాను.

రచయితకు పంపే ప్రతిగా నేను సుదర్శన్ ఇంటికి చేరాను. వచ్చిన ప్రతివాళ్లకూ ఆయన నన్ను చదివి వినిపించేవాడు. వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే తను మాత్రం గబుక్కున పేజీ తిప్పేసేవాడు. అదేమిటో నాకప్పుడు అర్థం కాలేదు.

నెల తిరక్కుండానే నజీమా మేడమ్ తనకు వచ్చిన ఒక ఉత్తరాన్ని సుదర్శన్‌కు పంపింది. రాసినామె విమల, మా కాలేజీలోనే చదివి టీచరైంది. ఓదెలు కూతురు.

“మేడమ్, పత్రిక అందింది. మా నాయన పేరు కనిపించిందని సంతోషంగా చదివి వినిపించిన. ఆయన నవ్వలేదు. ‘అవు బిడ్డా, నేనే పలగ్గొట్టిన’ అన్నడు. ఆ దినంతోనే ఆయన కొలువు పోయింది. అప్పటిసంది ఇంట్ల గాజు గ్లాసు ముట్టడు. నా కొడుకు పుడితే ఆర్నెల్ల దాక ఎత్తుకోలేదు, చేతులల్లకెల్లి జారుతడని. ఇది రాసిన సారుకు తెల్వదు కావచ్చు, అందుకే చెప్తున్న.”

సుదర్శన్ ఆ ఉత్తరాన్ని నా పేజీల మధ్య పెట్టాడు. రెండు రోజులు నన్ను తెరవలేదు. మూడో రోజు పొద్దున సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

ఓదెలు వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. విమల కుర్చీ తెచ్చి వేసింది. సుదర్శన్ కూర్చోలేదు.

“ఓదెలన్నా, అది నువ్వు పలగ్గొట్టలేదు.”

ముసలాయన తలెత్తాడు.

“స్లైడ్లు ఇంకోసారి చూసుకుందామని పరీక్షకు ముందుగాల నేనొక్కన్నే ల్యాబ్‌లకు పోయిన. మోచెయ్యి తాకి కిందవడ్డది. ముక్కలు దగ్గెరికి వెట్టి, బల్ల అంచుమీద నిలవెట్టి, గుడ్డ కప్పి బయటికచ్చిన. నువ్వు గుడ్డ గుంజంగనే పడ్డది.”

ఓదెలు తన రెండు చేతులనూ ఒళ్లో తిప్పి చూసుకున్నాడు.

“కొలువు పోతే పోయింది,” అన్నాడు చివరికి. “రైస్‌మిల్లుల బస్తాలు మోసిన. బియ్యం బస్తా కిందవడ్డా పలగదని ధైర్యం. గని నా చేతులు మంచియి కావని ఇన్నేండ్లు నేనే నమ్మిన గదరా. మనుమన్ని ఎత్తుకోలే. నువ్వేమో నవ్వులాటకు రాసినవ్.”

“తప్పయింది అన్నా. క్షమించు.”

“ఆ మాట ఇప్పుడు అడుగకు.”

సుదర్శన్ నన్ను తెరిచి ముప్పై ఒకటో పేజీని చింపబోయాడు. నేనూ అదే కోరుకున్నాను. ఓదెలు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండనియ్యి. వందల ఇండ్లల్ల ఉన్నది ఈ ఒక్కదాంట్ల లేకుంటే ఏమొస్తది?”

కాలేజీని మరిచిపోనివ్వకపోవడమే నా గొప్ప అనుకున్నాను. ఏం గుర్తుపెట్టుకోమని చెబుతున్నానో ఒక్కసారీ ఆలోచించలేదు.

విమల నా చివరి కాగితం తెరిచింది. పాత విద్యార్థులు వివరాలు నింపి, తమ జ్ఞాపకం రాసి పంపాల్సిన పేజీ అది. “నాయనా, నువ్వు చెప్పు. సారు రాస్తడు,” అంది.

సుదర్శన్ అరుగు మీద కూర్చుని నన్ను మోకాళ్ల మీద పెట్టుకుని పెన్ను తీశాడు. పేరు రాశాడు. తర్వాతి గడిలో ‘చదివిన సంవత్సరాలు’ అని ఉంది. పెన్ను ఆగింది.

“చదువలేదని రాయి,” అన్నాడు ఓదెలు. “పని చేసిన అని రాయి. పదకొండేండ్లు.”

ఆ తర్వాత ఆయన ఒక్కొక్క మాటే చెప్పాడు, సుదర్శన్ ఒక్కొక్కటే రాశాడు. అయ్యాక ఓదెలు చదవమన్నాడు. “మైక్రోస్కోపును ఒక పిలగాడు పలగ్గొట్టిండు” అన్న చోట ఆపాడు.

“ఒక పిలగాడు కాదు. నీ పేరు పెట్టు. పెద్దగ రాయి, అందరికి కనవడాలె.”

సుదర్శన్ ఆ మాట కొట్టేసి, పైన తన పేరు ఇంటిపేరుతో సహా రాశాడు. పెన్ను గట్టిగా నొక్కి, అక్షరం మీద అక్షరం దిద్దుతూ రాశాడు. ఆ కాగితాన్ని కత్తిరించి విమల నజీమా మేడమ్‌కు పంపింది. నేను ఓదెలు ఇంట్లోనే ఉండిపోయాను. నా వెనక అట్ట లోపలివైపు చెయ్యి పెట్టి తడిమితే ఇప్పటికీ ఆ పేరు నొక్కు వేళ్లకు తగులుతుంది.