ఏరిన పిక్కలు

జీడిపిక్కలు కొట్టే మిషను కత్తికి వంపు గీస్తూ దోర్కాస్ నలభై రోజులు కూర్చుంది. జీడిపిక్క చూడటానికి పిడికెడైనా ఉండదు గానీ, ఒక పక్క పొట్ట, ఒక పక్క నడుము. పైనుంచి చూస్తే ఒక వంకర, పక్కనుంచి చూస్తే మరో వంకర. రెండు గీతలు గీస్తే లొంగే సరుకు కాదు. కంప్యూటర్లో ఆ వంపును వలలా పరిచి, ఒక్కో చుక్కనూ పట్టుకుని లాగుతూ వదులుతూ పోవాలి. ఇక్కడ సర్దితే అక్కడ సొట్ట పడుతుంది. చివరికి దాని మీద నలుపు తెలుపు చారలు వేసి చూసింది. ఒక్క చార కూడా విరగలేదు. అంటే వంపులో ఎక్కడా మడత లేదని లెక్క. ఆ రోజు ఆమె యజమాని శ్యాంసుందర్, కాశీబుగ్గలోని తన లేతు షాపుకు వచ్చిన ప్రతివాణ్నీ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ తెర చూపించాడు. టెక్కలిలో డిప్లొమా చదివిన ఆడపిల్లను పనిలో పెట్టుకున్నాడని నవ్వినవాళ్ళు ఇప్పుడేమంటారో చూద్దామని అతని ధీమా.

ఆ వంపుతో చేసిన ఒక జత కత్తుల్ని ఈ రోజు నారాయణరావు జీడి ఫ్యాక్టరీలో పరీక్షించారు. ఇరవై ఏళ్ళుగా పిక్కలు కొడుతున్న పెద్దతల్లి మిషను ముందు కూర్చుంది. ఉడికించి ఆరబెట్టిన పిక్కను రెండు కత్తుల మధ్య పెట్టడం, కాలితో తొక్కడం, చేత్తో మీట తిప్పడం. వంద పిక్కలు కొడితే తొంభై ఆరు పగలకుండా గుండు పప్పుగా వచ్చాయి. పాత కత్తులతో ఎనభై వస్తే గొప్ప. నారాయణరావు ముఖం విప్పారింది. "అరవై జతలు సేయించేద్దాం," అన్నాడు. ఉక్కును ఆ వంపులో కత్తులుగా కోసే పని విశాఖపట్నంలో. మూడు గంటల రైలుబండికి ఆ వంపు ఉన్న సీడీ తీసుకెళ్ళడానికి శ్యాంసుందర్ తయారయ్యాడు. అప్పటికే రెండు దాటింది.

సంచి సర్దుకుంటున్న దోర్కాస్‌కు పెద్దతల్లి కొంగులో దోసెడు పిక్కలు కనిపించాయి.

"అవేటత్తా? కొట్టనేదేటి?"

"ఇవా? వంకరవీ, సిన్నవీని. బాబు ఎదురుగా నిలబడి సూత్తంటే ఇలాటివి పెడతామేటి?"

దోర్కాస్ సంచి కింద పెట్టేసింది. "మరి కొలతలకని నాకు పంపిన ఇరవై పిక్కలు?"

"నానే ఏరినాను," అంది పెద్దతల్లి గొప్పగా. "బస్తా అంతా కెలికి, లచ్చనంగా ఉన్నవే ఏరినాను. కంపూటర్లో పెడతారంటే మన పరువు గదా!"

ఉద్దానంలో ఎవరింటికి పనసకాయ పంపినా, కొబ్బరికాయలు పంపినా మేలైనవి ఏరి పంపుతారు. చిన్నవీ మచ్చవీ ఇంట్లో ఉంచుకుంటారు. ఇక్కడే పుట్టి పెరిగిన దోర్కాస్‌కు ఆ సంగతి తెలియదా? ఆ ఇరవై పిక్కల్నీ నిలువునా కోసి, స్కానరు మీద పేర్చి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయని మురిసిపోయింది. ఒక్కలాగే ఉన్నందుకు అనుమానపడాల్సింది పోయి! తన మీద తనకే ఒళ్ళు మండింది.

"అందులోదొకటి పెట్టత్తా."

కత్తుల మధ్య ఆ నున్నటి గుంటలో చిన్న పిక్క నిలవలేదు, పక్కకు తిరిగిపోయింది. పెద్దతల్లి అలవాటు కొద్దీ వేలితో ఆపబోయింది.

"కాలు తియ్యి!" దోర్కాస్ కేక పెట్టింది. వేలికి వెంట్రుకవాసి దూరంలో కత్తి ఆగింది.

అరవై జతలంటే అరవై మంది ఆడవాళ్ళు, రోజంతా పిక్కలు.  వాకిట్లో స్కూటరు తీస్తున్న శ్యాంసుందర్ దగ్గరికి దోర్కాస్ పరుగెత్తింది.

"సార్, అది పంపొద్దు. వంపు తప్పు."

"ఇప్పుడా సెప్పడం?" శ్యాంసుందర్ గొంతు తగ్గించాడు. "తర్వాత సర్దుదాం. నోరు మెదపకు."

కానీ నారాయణరావు వినేశాడు. "తొంభై ఆరు నా కళ్ళతో సూసినానమ్మా. తప్పేటి?"

"అవి ఏరిన పిక్కలండీ."

"ఎవులు ఏరినారు?"

గుమ్మంలో పెద్దతల్లి ముఖం పాలిపోయింది.

"ఏరినవో కాదో నేను అడగాల్సింది, అడగలేదు. తప్పు నాదే," అంది దోర్కాస్.

"కొత్త పిల్ల, బయపడతంది సార్. బండికి టైమయిపోతంది," అంటూ శ్యాంసుందర్ స్కూటరు స్టార్టు చేశాడు.

ఇక మాటలతో పనికాదని దోర్కాస్ లోపలికి వెళ్ళి మిషను ముందు కూర్చుంది. "ఒక్కసారి సూడండి సార్," అని చిన్న పిక్క పెట్టి తొక్కింది. వేలు ముందే తీసేద్దామనుకుంది. నిజంగా అలాగే అనుకుంది. కానీ పిక్క తిరగ్గానే, అంతా తెలిసిన ఆ వేలు కూడా దానంతటదే ఆపడానికి వెళ్ళింది.

కత్తుల మీద నెత్తురు కారింది. బయట స్కూటరు ఆగిపోయింది.

 నారాయణరావు శ్యాంసుందర్ ముందు చెయ్యి చాపి సీడీ తీసుకున్నాడు.

"ఎన్నాళ్ళు పడతాదమ్మా?"

"ఇంకో నెల సార్." దోర్కాస్ నెత్తురు కారుతున్న వేలిని రెండో చేత్తో నొక్కి పట్టుకుంది. "ఈసారి ఎవరూ ఏరకూడదు. బస్తాలో చెయ్యి పెట్టి, ఏవి వస్తే అవే."

పెద్దతల్లి పాత గుడ్డ చింపి వేలికి కట్టు కడుతూ ఏడ్చింది, ఏడుస్తూనే తిట్టింది. "గీసే సెయ్యి గదే! నీకేటి పని మిషను కాడ?" కట్టు బిగించాక, నారాయణరావు వినకుండా దగ్గరికి వంగింది.

"అయితే ఆ వంకరవన్నీ కంపూటర్లో పెట్టేత్తావా? మన పిక్కలు ఇలాగుంటాయని ఇశాకపట్నమోల్లకి తెలిసిపోదేటి?"

"తెలియాలత్తా," అంది దోర్కాస్.