మిగిలిన నాలుగు వందల మీటర్లు

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో మా టౌన్‌హోమ్‌కీ మరైకె వాళ్ళదానికీ మధ్య గోడ ఒక్కటే. ఆవిడ నెదర్లాండ్స్ తరఫున పదేళ్ళు పడవ పోటీల్లో తెడ్డు వేసిన మనిషి. నాలుగేళ్ళకోసారి జరిగే ప్రపంచ పోటీలకి రెండుసార్లు వెళ్ళి రెండుసార్లూ నాలుగో స్థానంలో ఆగిపోయింది.

"నాలుగో వాళ్ళకి ఏమిస్తారు?" అని అడిగాను ఒకసారి.

"తుడుచుకోవడానికి టవల్," అని నవ్వింది.

భర్త ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చారు, బ్రామ్ పుట్టాడు. ముప్పై నాలుగేళ్ళ వయసులో, ఇంకొక్కసారి జట్టులోకి వెళ్ళి తీరాలని గరాజ్‌లో తెడ్డు మెషీన్, గొలుసుకున్న పిడిని తెడ్డులా లాగేది, పెట్టుకుంది. రోజూ పొద్దున తొమ్మిదింటికి మా అమ్మాయి సంహితని ప్రీస్కూల్‌లో దింపి, వాళ్ళింట్లో ఏడు నెలల బ్రామ్ దగ్గర కూర్చునేదాన్ని. ఇంటర్ సగంలో ఆపేసి పెళ్ళి చేసుకున్నదాన్ని. నన్ను నమ్మి ఒకరు ఒక పని అప్పగించడం అదే మొదలు.

ఆ శుక్రవారం పరీక్ష. వాళ్ళ దేశం నుంచి కోచ్ లాప్‌టాప్‌లో చూస్తుంటాడు. మెషీన్ మీద రెండు వేల మీటర్లు, ఆరు నిమిషాల నలభై అయిదు సెకన్లలో. మధ్యలో పిడి వదిలితే పోయినట్టే. ఒళ్ళు హూనమయ్యే పని, అదే రోజు రెండోసారి చేయలేరు. జట్టుకి ఎంపికైనవాళ్ళ జాబితా ఆ సాయంత్రమే.

"విద్యా, నిన్న బాబుకి టీకా వేయించాం. ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది. గాభరా పడకు," అంది మరైకె.

"పడను."

"నువ్వా! నీ మెడలో గొలుసుకి థర్మామీటర్ కట్టాలి," అని నా బుగ్గ తట్టి గరాజ్‌లోకి వెళ్ళింది.

గోడ అవతల గరాజ్‌లో మెషీన్ హోరు మొదలైంది. కాసేపటికి బ్రామ్ నిద్రలో మూలిగాడు. నుదురు ముట్టుకుంటే కాలిపోతోంది. థర్మామీటర్ నూట రెండు చూపించింది. టీకా జ్వరమే, చెప్పింది కదా అనుకుంటూ ఎత్తుకున్నాను. అంతలో వాడి చేయి ఒకసారి ఎగిరిపడింది, కళ్ళు పైకి తేలాయి.

మా సంహితకి ఏడాదిన్నరప్పుడు జ్వరంతో ఫిట్స్ వచ్చింది. నా చేతుల్లోనే ఇలాగే కళ్ళు తేలేసింది. ఇంక నేనేమీ ఆలోచించలేదు. గరాజ్ తలుపు తోసుకుని "మరైకె! బాబు!" అని అరిచాను.

పిడి ఆవిడ చేతుల్లోంచి జారి, గొలుసు విసురుగా మెషీన్‌లోకి వెళ్ళిపోయింది. చక్రం ఇంకా తిరుగుతోంది. తెర మీద అంకె పదహారు వందలు దాటి ఆగిపోయింది. లాప్‌టాప్‌లో కోచ్ ఏదో గట్టిగా అడుగుతున్నాడు. మరైకె ఊపిరి అందక, మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చి బాబుని తీసుకుంది.

బ్రామ్ కళ్ళు తెరిచి, ఆవలించి, తల్లి చెమట జుట్టు పట్టుకున్నాడు.

నిద్ర మత్తు. అంతే.

మరైకె నేల మీద అలాగే కూర్చుని లాప్‌టాప్ మూసింది.

ఇంటికొచ్చి మా ఆయన సృజన్‌కి ఫోన్ చేసి ఏడ్చాను.

"కావాలని చేశావా ఏంటి? సారీ చెప్పెయ్. అయినా గేమే కదే," అన్నాడు. "మీటింగ్‌లో ఉన్నా, మళ్ళీ చేస్తా."

సోమవారం మామూలుగానే తొమ్మిదింటికి తలుపు కొట్టాను. చంకలో బాబుతో మరైకె తీసింది.

"ఇంక రానక్కర్లేదు విద్యా. జాబితా వచ్చేసింది, అందులో నేను లేను. వచ్చే పోటీలనాటికి నాకు ముప్పై ఎనిమిది."

"నన్ను తిట్టు మరైకె. నాలుగు మాటలు అను."

"నిజంగా ఫిట్స్ అనుకున్నావా?"

"అవును."

"అయితే నేనైనా ఆపేదాన్నే." బాబు వీపు నిమురుతూ గరాజ్ వైపు చూసింది. "కానీ నువ్వు పిలవకుండా ఉంటే బాగుండేది."

కోపంగా అనలేదు. ఉన్న మాటే అంది. లోపలికి వెళ్ళి, బాబు ఉలిక్కిపడకుండా తలుపు మెల్లగా వేసుకుంది. సంహితని తీసుకురావడానికి ఇంకా రెండు గంటలుంది. మెట్ల మీదే నిలబడిపోయాను.