గొంతు దిగేదాకా

కృత్తిక స్కూటరు వీధి మలుపు తిరిగిన చప్పుడు వినిపించాక బాలసుందరం తలుపు వేసి లోపలికి వచ్చాడు. హాల్లో కుర్చీలో జానకమ్మాళ్ నిటారుగా కూర్చుని ఉంది. పట్టు తప్పిన ఎడమ పక్కకు ఒరిగిపోకుండా దిండు ఆనించి వెళ్లింది కూతురు. అతని చూపు భార్య ముఖం మీద కాక, మెడ మీద, గుటక వేసేటప్పుడు కదిలేచోట నిలిచింది. ముక్కులోంచి గొట్టం తీసేసిన దగ్గర్నుంచి అతనికదే అలవాటయింది.

సెలవులన్నీ అయిపోయి కృత్తిక ఆఫీసుకు వెళ్లక తప్పని రోజు అది. మధ్యాహ్నం తిండి అతనే చేయాలి, అతనే పెట్టాలి.

పక్షవాతం వచ్చి జానకమ్మాళ్ ఆస్పత్రిలో ఉన్నన్ని రోజులూ తిండి గొట్టంలోంచే వెళ్లింది. మింగడం మళ్లీ నేర్పిన అమ్మాయి పేరు తేన్మొళి. ఆ తమిళ ఊళ్లో తండ్రీకూతుళ్లు తెలుగులో మాట్లాడుకోవడం విని, "మా ఇంట్లోనూ తెలుగేంగ" అని నవ్వి, అప్పట్నుంచి వాళ్లతో తెలుగులోనే మాట్లాడేది. గొట్టం తీసిన రోజు చెంచా పట్టి చూపిస్తూ బాలసుందరానికి మరీ మరీ చెప్పింది.

"నున్నగా ఉండాల సార్. ఒక్క పలుకు తగలకూడదు. చెంచా ఒంచితే నీళ్ల మాదిరి కారకూడదు, ముద్దగా జారి పడాల. ప్రతి చెంచాకీ అమ్మను ఒక మాట అననీండి. గొంతు పొడిగా ఇనబడితే సరి. గొంతులో నీళ్లు పెట్టుకొని మాట్లాడినట్ల గొరగొరమంటే తిండి దారి తప్పి ఊపిరితిత్తి పక్కం పోతా ఉందని అర్థం. ఉడనే, ఆ నిమిషమే ఆపేయండి."

చిక్కంతా అక్కడే వచ్చింది. జానకమ్మాళ్ మాట్లాడదు.

మాట రాక కాదు. వస్తుంది, వంకరగా వస్తుంది. ఆస్పత్రికి చూడవచ్చిన ఆడబిడ్డ పాప్పమ్మాళ్‌తో ఏదో చెప్పబోయింది. పాప్పమ్మాళ్ మళ్లీ మళ్లీ అడిగి, చివరికి నవ్వేసి, "ఏం చెప్తా ఉందో ఒక్కటీ పురియలే, అర్థమే కాలేదు" అంది. మనసులో ఏమీ పెట్టుకోని మనిషి, నవ్వూ అలాంటిదే. కాని పొద్దున లేచింది మొదలు పళనిలో ఉన్న చుట్టాలతో, కూరగాయల బండివాడితో, టీవీతో కూడా మాట్లాడే జానకమ్మాళ్ ఆ రోజు నోరు మూసుకుంది. తేన్మొళి తెర లాగి, ఎవరూ లేకుండా చేసి అడిగితే మాత్రం ఆ, ఊ అనేది. ఇంటికి వచ్చాక అదీ లేదు. తల ఊపడమే.

తిండి కూడా సరిగ్గా తినడం లేదు. జావ పెడితే రెండు మూడు చెంచాలకు పెదవులు బిగించేది. ఇలాగే ఉంటే శుక్రవారం చూపించినప్పుడు మళ్లీ గొట్టం వేయాల్సి రావచ్చని డాక్టరు ముందే చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు ఆమె కుడి చేయి దానంతటదే ముక్కు మీదికి వెళ్లింది.

ఆదివారం కృత్తిక ఒక కొత్త వంట చేసింది. ఎప్పుడో ఆఫీసువాళ్లతో హోటలుకు వెళ్లినప్పుడు తిన్నదట. కాలీఫ్లవర్ మెత్తగా ఉడికించి, నేతిలో వేగిన వెల్లుల్లి, పాలమీగడ, కొత్తిమీర, పుదీనా కలిపి వెన్నలా రుబ్బడం. జానకమ్మాళ్ వాసన చూసింది. జావను చూసినప్పటిలా ముఖం తిప్పుకోలేదు. కొద్దిగానే అయినా తింది.

"రేపు మీరే చేయాల నాయనా. పయపడాకండి, సులువే," అంది కూతురు.

పీలమేడులో మోటారు పంపుల రిపేరు షెడ్డు నడిపిన బాలసుందరం పొయ్యి మీద కాఫీ తప్ప ఎప్పుడూ ఏదీ పెట్టలేదు. ఉప్పు వేసిన వేడినీళ్లలో పువ్వు ముక్కలను ముంచి, ఒక్కొక్కటీ వెలుగుకు పెట్టి పురుగు ఉందేమోనని చూశాడు. కాడలన్నీ కోసి పారేశాడు. ఉడుకుతున్నంతసేపూ వంటగదికీ హాలుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఆమె దగ్గితే పరుగు, దగ్గకపోతే ఇంకా వేగంగా పరుగు.

ముక్కలు ఉడికిన నీళ్లతో సహా మిక్సీలో వేసేశాడు. అక్కడ పొరపాటు జరిగింది. చెంచాతో తీసి వంచితే బొటబొటా కారిపోయింది. కప్పులో పోసి చూస్తుండగానే ముద్ద ఒకవైపు, నీళ్లు ఒకవైపు విడిపోయాయి. పలచటి నీళ్లే అన్నిటికన్నా ప్రమాదమని తేన్మొళి చెప్పింది. ఆ కప్పు భార్యకు పట్టించినట్టే అనిపించి దాన్ని గబుక్కున దూరంగా జరిపాడు.

మళ్లీ చేయడానికి పువ్వు లేదు. బీరువాలోంచి ఉతికిన తెల్ల పంచె తీసి, ఒక చివర వేడినీళ్లలో జాడించి, ముద్దంతా అందులో పోసి మూటకట్టి పిండాడు. చేతులు కాలాయి. నీళ్లు కారడం ఆగేదాకా పిండి, విప్పి చూస్తే చిన్న కప్పుకు సరిపడేంత మిగిలింది.

వెల్లుల్లి రేకలు నేతిలో చిన్న మంట మీద వేయించాడు. వాసన హాల్లోకి వెళ్లింది. కుర్చీ కిర్రుమన్న చప్పుడు విని పరుగెత్తాడు. ఆమె పడిపోలేదు. వంటగది వైపు తల తిప్పింది, అంతే.

ఆకులు మీగడతో కలిపి రుబ్బి జల్లెడలో వడపోశాడు. కింద పచ్చటి మీగడ దిగింది. పైన జల్లెడలో వెంట్రుకల్లాంటి ఆకుపచ్చ పీచు మిగిలింది. మిక్సీలో నలిగిపోయిందనుకున్న ఆకులో ఇంత పీచు ఉందా? ఇది ఆమె గొంతుకు అడ్డం పడి ఉంటే? ముద్దను కూడా ఉప్పు, వెల్లుల్లితో కలిపి మళ్లీ రుబ్బి అదే జల్లెడలో గరిటెతో నొక్కి నొక్కి వడపోసి, పచ్చ మీగడలో కలిపాడు. ఈసారి చెంచా వంచితే నున్నగా, ఒక్క ముద్దగా జారింది. చిటికెడు తన నాలుక మీద వేసుకుని అంగిలికి అదిమి చూశాడు. ఏమీ తగల్లేదు.

రాత్రికి పనికొస్తుందని ఇంకొన్ని రేకలు నేతిలో వేసి, మంట తగ్గించి, కప్పు తీసుకుని హాల్లోకి వచ్చాడు.

"గెడ్డం కిందికి దించు జానకీ. అట్ల."

అర చెంచా నోటి కుడి పక్కన పెట్టాడు. ఆమె నోట్లో తిప్పుకుంది. గొంతు పైకి లేచి దిగింది.

"ఒక మాట అను."

తల ఊపింది.

"తల ఊపితే నాకెట్ల తెలుస్తాది? ఆ అను, చాలు."

ఆమె కళ్లు దించుకుంది. ఇంకో చెంచా పెట్టాడు. గొంతు కదిలింది. మరొకటి. ఆమె తనంతట తానే నోరు తెరిచేసరికి అతనికి ఆత్రం పెరిగి, నాలుగోసారి చెంచా నిండా తీశాడు.

దగ్గు వచ్చింది. మొదట చిన్నగా, తరువాత ఆగకుండా. ముఖం కందిపోయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. బాలసుందరం కప్పు కింద పెట్టి ఆమెను ముందుకు వంచి భుజాలు పట్టుకున్నాడు. వీపు మీద కొట్టకూడదని, దగ్గనివ్వాలని చెప్పింది గుర్తుంది. పట్టుకుని నిలబడడం తప్ప చేయగలిగింది లేదు. కొంచెం ముద్ద గెడ్డం మీద పడింది. దగ్గు ఆగింది.

ఆగాక వచ్చిన నిశ్శబ్దం అంతకన్నా భయపెట్టింది. లోపల ఏమయింది? బయటికి వచ్చిందెంత, దారి తప్పిందెంత? తేన్మొళికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు.

"ఊపిరి బాగా ఇడస్తా ఉండారా? పెదాలు నీలం కాలేదు కదా?"

"లేదు. మామూలుగానే ఉండాయి."

"సరింగ. ఇప్పుడు అమ్మను మాట్లాడనీండి. నాకు గొంతు ఇనబడాల."

బాలసుందరం ఫోను ఆమె నోటి దగ్గర పెట్టాడు. జానకమ్మాళ్ పెదవులు బిగించి తల అడ్డంగా ఊపింది.

"ఒక్క మాట జానకీ."

ఆమె తల మళ్లీ అడ్డంగానే ఊగింది.

"ఎవరో నవ్విందానికి నన్నెందుకు ఇట్ల చంపుతావు? నువ్వు ఎట్ల పలికితే ఏం? నీ గొంతులో ఏముందో నాకు తెలియొద్దా?" అతని గొంతు పెద్దదయింది, వెంటనే పగిలింది. కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. "నాకు పయంగా ఉండాది జానకీ."

ఆమె అతని వైపు చూసింది. అంతలోనే ఆమె చూపు అతన్ని దాటి వంటగది తలుపు మీదికి వెళ్లింది. ముక్కుపుటాలు అదిరాయి. నోరు తెరిచింది.

"ఒయ్యి."

బాలసుందరం ఉలిక్కిపడ్డాడు. "ఆఁ? ఏమన్నావు?"

"ఒయ్యి..."

"నెయ్యా? నెయ్యి ఏసినాను జానకీ, ఏసే చేసినాను!" సంతోషంతో అతనికి ఏడుపు వచ్చేసింది. "ఇంటివా అమ్మా తేన్మొళీ, మాట్లాడింది!"

"ఇన్నాను సార్. గొంతు పొడిగానే ఉండాది. ఇంకొంచెం మాట్లాడనీండి."

జానకమ్మాళ్ కుడి చేత్తో కుర్చీ మీద దబదబా కొట్టింది. ఒక్కొక్క అక్షరమూ తోసి తోసి బయటికి పంపింది. "నెయ్యి... కాదు... పొయ్యి! మా...డ...తాది!"

"సార్, పొయ్యి మీద ఏమైనా పెట్టినారా?" అంది ఫోనులో తేన్మొళి.

అప్పటికి అతనికీ వాసన తగిలింది. వంటగదిలో పొగ కమ్మి ఉంది. మూకుట్లో వెల్లుల్లి బొగ్గయింది, మాడిన నెయ్యి చిటపటలాడుతోంది. గ్యాసు కట్టేసి, కిటికీ తెరిచి, మూకుడు మీద మూత పడేసి అతను గోడకు చేరబడ్డాడు. హాల్లోంచి ఆమె గొంతు మళ్లీ వినిపించింది, పిలుస్తున్నట్టుగా, విసుక్కుంటున్నట్టుగా. మాట అర్థం కాలేదు కాని గొరగొర లేదు. ఎక్కడా లేదు.

తేన్మొళి ఫోను పెట్టేయలేదు. చెంచా నిండా తీసినందుకే దగ్గు వచ్చిందేమోనని, కాసేపు ఆగి, ఊపిరి కుదురుగా ఉంటే అర చెంచా చొప్పున మళ్లీ మొదలుపెట్టమని చెప్పింది. రాత్రిలోగా జ్వరం వచ్చినా, ఆయాసం వచ్చినా వెంటనే తీసుకురమ్మంది. చివరి మాట అతనికి చెవుల్లో గింగురుమంటూనే ఉంది.

కాసేపాగి మళ్లీ కప్పు అందుకున్నాడు. ఒక చెంచా పెట్టి అడక్కుండా ఎదురుచూశాడు. గొంతు లేచి దిగింది.

"ఉప్పు," అంది జానకమ్మాళ్.

"తక్కువా?"

ఆమె తల ఊపబోయి, ఆగి, "ఎచ్చు" అంది.

అలా చెంచాకొక మాట. కొన్ని అతనికి తెలిశాయి, కొన్ని తెలియలేదు. తెలియనివి మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది. ఒకసారి ఎన్నిమార్లు చెప్పినా తెలియక ఇద్దరూ వదిలేశారు. కప్పు ఖాళీ అయ్యేసరికి ముద్ద చల్లారిపోయింది. బుగ్గలో ఏమీ మిగల్లేదని వేలితో తడిమి చూసి, ఆమె వాలిపోకుండా దిండు సర్ది, అతను ఎదురుగా కూర్చున్నాడు.

సాయంత్రం కృత్తిక వచ్చేసరికి ఇంట్లో ఇంకా మాడు వాసన ఉంది. "ఏమైంది నాయనా?" అని ఆమె కంగారుపడితే, బాలసుందరం నోరు తెరిచేలోగా జానకమ్మాళ్ చెప్పడం మొదలుపెట్టింది. సగం మాటలు ముద్దముద్దగా దొర్లాయి. కృత్తిక సంచీ కూడా దించకుండా తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుని వింది. బాలసుందరం భార్య నుదురు తాకి, తన నుదురు తాకి పోల్చుకుంటూ ఉన్నాడు. జ్వరం రాలేదు.

శుక్రవారం ఆస్పత్రిలో బరువు చూశారు. పెరగలేదు, తగ్గనూ లేదు. గొట్టం వద్దని, ఇంకొక వారం చూద్దామని డాక్టరు అన్నాడు. వచ్చేదారిలో బాలసుందరం ఆటో ఆపించి రెండు కాలీఫ్లవర్లు కొన్నాడు. మధ్యాహ్నం మళ్లీ అర చెంచా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఆమె మెడ వైపు చూస్తూ కూర్చున్నాడు.