ఎడమ పేజీలు

పదిమంది పెద్దమనుషులు ముత్లక్ ఇంటికి వచ్చి వరసగా కూర్చున్నారు. ముత్లక్ కాఫీ పోశాడు. వాళ్ళకి పెద్ద షేక్ హాయెల్ కప్పు అందుకుని, తాగకుండా ఎదురుగా నేలమీద పెట్టాడు. అడిగింది ఇస్తేనే తాగుతారు. ఇవ్వకపోతే అలాగే వదిలేసి లేచిపోతారు.

ఏం అడగడానికి వచ్చారో కరక్ ఊరి చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఏడాది కిందట ఇదే ఊరివాడైన బందర్, చుట్టాల పెళ్ళిలో సంబరానికి తుపాకి పేల్చాడు. ఆ తూటా డాబా మీద బట్టలు ఆరేస్తున్న తుర్ఫాకి తగిలింది. తుర్ఫా ముత్లక్ భార్య. చీకటి పడేలోపు బందర్ వంశం మొత్తం, తొమ్మిది ఇళ్ళవాళ్ళు, తాళాలు వేసుకుని దూరాన ఉన్న మఫ్రక్ ఊరికి వెళ్ళిపోయారు. ఆచారం అది. ముత్లక్ రాజీకి ఒప్పుకుంటేనే వాళ్ళు తిరిగి రావాలి. పగ తీర్చుకోకూడదని ఏడాదికి కుదుర్చుకున్న సంధి గడువు ఇవాళ్టితో సరి.

"అబూ రాకాన్," అన్నాడు షేక్, ముత్లక్‌ని పెద్దకొడుకు పేరుతో పిలుస్తూ. "బందర్ జైల్లో ఉన్నాడు. వాడి గురించి అడగను. ఆ ఇళ్ళ గురించి అడుగుతున్నా."

"వాడి తల్లి జైలుకి చొక్కాలు ఉతికి పంపుతోందా?"



కోపంతో అన్న మాట కాదది. ముత్లక్‌కి ఏడాదిగా కోపం రావడం లేదు. ఏదీ రావడం లేదు.

లోపలి గదిలో ఏడేళ్ళ మనవరాలు రీమాస్ బొమ్మల పుస్తకం పైకి చదువుతోంది. "రెండు తెగలు ఒకే బావి దగ్గర కొట్టుకున్నాయి." ఆగింది. పేజీ తిప్పింది. "మేకలకు దాహం వేసింది." మళ్ళీ ఆగింది.

"సగం కథ మింగేస్తోందేంటి మీ పిల్ల?" అన్నాడు షేక్.

"బళ్ళో ఇద్దరికో పుస్తకం ఇస్తారు. ఎడమ పేజీ ఒకరు చదవాలి, కుడి పేజీ ఒకరు. అలాగైతే స్నేహం కుదురుతుందట. దీని జత జుమానా. బందర్ వాళ్ళన్న కూతురు."

"టీచరమ్మ ఇంకొకరిని కూర్చోబెట్టొచ్చుగా?"

"కూర్చోబెట్టింది. ఇది పుస్తకం వదల్లేదు. కుడి పేజీ వస్తే నోరు మూసుకుంటుంది. నన్నూ చదవనివ్వదు."

రీమాస్ గుమ్మంలోకి వచ్చింది. షేక్ పుస్తకం అడిగి తీసుకుని, బొమ్మలు చూసి, నవ్వాపుకోలేకపోయాడు.

"ఇది అమ్మాన్ పట్నంలో ఎవడో గీశాడు! చూడండి, రాజీకి వచ్చినవాళ్ళు ముందు కాఫీ తాగేసి, తర్వాత అడుగుతున్నారు. మనం ఇలా చేస్తే గాడిదలు కూడా మన మొహం చూడవు."

అందరూ నవ్వారు.

"అందులో ఎవరూ చావలేదు," అన్నాడు ముత్లక్. "పదకొండు పేజీలు కొట్టుకుని పన్నెండో పేజీలో కావిలించుకున్నారు. మధ్యలో శవం లేకపోతే కావిలించుకోవడం ఏం కష్టం, షేక్?"



"తాతా, జుమానా కాల్చిందా?" అంది రీమాస్.

"లేదు."

"మరి?"

ముత్లక్ నేలమీది కాఫీ వైపు చూశాడు. కప్పు మీద ఆవిరి ఎప్పుడో ఆగిపోయింది.

"ఇళ్ళు తెరుచుకోమనండి," అన్నాడు చివరికి. "బందర్ మాత్రం ఈ ఊళ్ళో అడుగు పెట్టకూడదు. నేను పోయాక కూడా. వాడి తల్లి నా వీధిలో నడవకూడదు. ముత్లక్ క్షమించాడని ఎవడూ చెప్పుకోకూడదు."

"పూచీ నాది."

"అయితే తాగు. చల్లారిపోయింది."

షేక్ ఒక్క గుక్కలో తాగేశాడు. పదిమందీ లేచి ముత్లక్‌ని ఒకరి తర్వాత ఒకరు కావిలించుకున్నారు. అతను నిలబడ్డాడు. చేతులు పైకి లేవలేదు.

వాళ్ళు వెళ్ళాక రీమాస్ అడిగింది. "రేపు వస్తుందా జుమానా?"

"సామాను సర్దుకోవాలి, లారీ దొరకాలి. గురువారం కావచ్చు."

"నీకు కోపమా తాతా?"

"లేదు."

"సంతోషమా?"

"లేదు. వెళ్ళి మొహం కడుక్కో."

ఆ తొమ్మిది ఇళ్ళూ వంటగది కిటికీలోంచి కనిపిస్తాయి. గురువారంలోగా ఆ కిటికీ మూసి మేకులు కొట్టెయ్యాలని ముత్లక్ సుత్తి వెతుక్కుంటూ వెళ్ళాడు.