గైడమ్మ చెప్పిన ప్లాట్‌ఫారం

విచారణ కౌంటర్లో కూర్చునే ఆవిడను స్టేషన్లో అందరూ గైడమ్మ అంటారు. ఏ బండి ఎన్నింటికో, ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో పుస్తకం తెరవకుండా చెప్పేస్తుంది. పదకొండేళ్ళుగా అవే ప్రశ్నలు. అడగడం పూర్తికాకముందే జవాబు నోట్లోంచి జారిపోతుంది.

ఆ ఉదయం పది కావస్తుండగా ఒక పెద్దాయన అద్దానికున్న కన్నానికి చెవి ఆనించాడు.

"కొండలైను బండి ఎక్కడమ్మా? రెండింటికి నా కూతురికి గుండె ఆపరేషన్. నాన్న వస్తేగానీ లోపలికెళ్ళనని మొండికేసింది."

"మూడో నంబరు! పదింబావుకి!" ఆయన్ని ఒక్కసారి చూసి, ఆలోచించకుండానే అరిచి చెప్పింది గైడమ్మ.

ఆయన వెళ్ళాక మరో ఇద్దరు ముగ్గురికి సమాధానం చెప్పింది. తరవాత వచ్చినావిడ కూడా అదే బండి అడిగింది. "మూడు," అంది.

"బోర్డు మీద ఆరని ఉందే మేడమ్?"

గైడమ్మ చప్పున తల తిప్పింది. పక్కగోడకు కాగితం అంటించి ఉంది. పట్టాల మరమ్మతు, ఈ ఒక్కరోజూ కొండలైను బండి ఆరో నంబరు నుంచి. పొద్దున తనే చదివి సంతకం పెట్టింది. సంతకం పెట్టిన చేతికి తెలుసు, నోటికే తెలియలేదు.

మూడో నంబరు మీదున్నది రేవుకెళ్ళే ఎక్స్‌ప్రెస్. పదీ ఎనిమిదికి కదిలిందంటే మూడు గంటలపాటు ఎక్కడా ఆగదు. ఇప్పుడు పదీ రెండు. మైకులో చెప్పిద్దామంటే ఆయనకు చెవుడు, వినపడదు. కిటికీ మూసి లేచింది.

"అప్పుడే టీ తాగడానికా మేడమ్? మేం మనుషుల్లా కనబడట్లేదా?" వరసలోంచి ఎవరో అరిచారు.

వంతెన మెట్ల మీద జనం ఎదురొస్తున్నారు. మోచేతులతో తోసుకుంటూ పరుగెత్తింది. "నీ ఒక్కదానికేనా తొందర!" అని తిట్లు తింది. నాలుగో పెట్టెలో ఆయన కనబడ్డాడు, సంచి ఒళ్ళో పెట్టుకుని దర్జాగా.

"దిగండి పెద్దాయనా! మీ బండి ఆరో నంబరు!"

"మూడే. కౌంటర్లో ఆవిడ చెప్పింది. ఆవిడకంటే నీకెక్కువ తెలుసా?"

"ఆవిడ్ని నేనే! తప్పు చెప్పాను!"

ఆయన ఎగాదిగా చూశాడు. కౌంటర్ దగ్గర చెవి ఒగ్గాడే తప్ప ఆమె ముఖం చూస్తేగా!

"సీటు కోసం ఇన్ని అబద్ధాలా తల్లీ!"

చుట్టుపక్కలవాళ్ళు నవ్వారు. ఎదురు సీటాయన ఏదో చెప్పబోయేలోగా బండి కూత వేసింది. గైడమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. ఒళ్ళోని సంచి లాక్కుని కిందికి దూకింది.

"దొంగ! పట్టుకోండి! ఆస్పత్రి కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి!" అంటూ ఆయనా దిగాడు. వెనకే ఎక్స్‌ప్రెస్ కదిలింది.

తెలిసిన పోర్టరు అడ్డొచ్చాడు. "నువ్వా గైడమ్మా! ఇదేం పని?"

"తరవాత చెప్తాలే అన్నా. ముందాయన చెయ్యి పట్టుకుని ఆరో నంబరుకి లాక్కురా!"

తిట్లు లంకించుకున్న ఆయనను పోర్టరు మెట్లెక్కించి దింపేసరికి అక్కడ గార్డు పచ్చజెండా ఎత్తాడు. గైడమ్మ చివరి పెట్టె తలుపు పట్టుకుంది. పోర్టరు ఆయనను ఎత్తి లోపల పడేశాడు. వెనకే సంచి.

పెద్దాయన సంచిని రెండు చేతులా కావలించుకుని లోపలికి తిరిగాడు. "ఇది కొండలైనేనా బాబూ?" ఒకతను తలూపాడు. పక్కావిడను అడిగాడు. ఆవిడా తలూపింది.

బండి కదిలింది. గైడమ్మ క్షమించమనబోయింది, ఊపిరి అందలేదు. ఆయన ఇటు చూడనే లేదు. అప్పటికే మూడో మనిషి భుజం తట్టి అడుగుతున్నాడు.