శుక్రవారం వాక్యం

"ఈ పూట వాక్యం రాయండమ్మా," అంటూ మేలే అనే నర్సు కాగితాల అట్టా, పెన్నూ నైరీ ఒళ్ళో పెట్టింది.

నైరీ రక్తంలోంచి కణాలు తీసి, వాటికి లింఫోమా అనే క్యాన్సర్‌ను వేటాడటం నేర్పి, తిరిగి ఎక్కించి ఆరు రోజులైంది. ఇంకా ప్రయోగమే, ఆమె ఏడో మనిషి. మందు మెదడుకు ఎక్కితే ముందు చేతిరాత చెదురుతుందట. అందుకే రోజుకు రెండు పూటలా ఓ వాక్యం. పాతవి తిరగేస్తే నైరీకి ఒళ్ళు మండింది. కోళ్ళకు గింజలు వెయ్యాలి. గ్రాహం బీపీ మాత్రలు నీలం డబ్బాలో ఉన్నాయి. అత్తగారికి బంగాళదుంప మెత్తగా ఉడకాలి. చావు గుమ్మంలో కూర్చుని కూడా తన గురించి ఒక్క ముక్క రాసుకోలేదు!

శుక్రవారం ఇక్కడి నుంచి పంపేశాక నెల రోజులు వెల్లింగ్టన్‌లోనే, ఆస్పత్రికి అరగంట దూరంలో ఉండాలి. ఒక మనిషి రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండాలి. ఉంటానని సంతకం పెట్టిన మొగుడు గ్రాహం ఇప్పుడు కిటికీ దగ్గర నసుగుతున్నాడు.

"ఆవులు ఈనే కాలం. నెల్లాళ్ళు ఇక్కడ కూర్చుంటే పాలెవరు పితుకుతారు? శుక్రవారం ఇంటికి పోదాం. జ్వరం గిరం వస్తే నాలుగ్గంటల్లో వచ్చెయ్యలేమా? అమ్మ కూడా నీ చేతి వంటకి మొహం వాచిపోయింది."

నాలుగ్గంటల్లో మనిషి పోవచ్చని డాక్టరు అతని ముందే చెప్పాడు. మంచాన పడిన అత్తగారిని పదకొండేళ్ళు ఎత్తి దించింది నైరీ. అతని మోకాలికి ఆపరేషనైతే అతన్నీ చూసుకుంది, పాలూ పితికింది. అప్పుడెవరూ ఆమె సంతకం అడగలేదు. ఆడదాని చాకిరీకి సంతకం దేనికి?

ఆమె నిదానంగా రాసింది: నేను శుక్రవారం ఇంటికి వెళ్ళను.

గ్రాహం తొంగిచూసి కంగారుపడ్డాడు. "సిస్టర్, మెదడుకెక్కింది! ముప్పై నాలుగేళ్ళలో ఇలాంటి మాట అనలేదు. డాక్టర్ని పిలవండి!"

"వంద నుంచి పదేసి తగ్గిస్తూ చెప్పండమ్మా," అంది మేలే.

నైరీ మొగుడి మొహంలోకే చూస్తూ పది దాకా దిగింది. ఎక్కడా తడబడలేదు.

"నిక్షేపంగా ఉన్నారు," అని మేలే రాసుకుంది.

"అయితే మీ చెల్లిని రమ్మను," అన్నాడు గ్రాహం.

"దానికీ ఇల్లుంది. సంతకం నీది. పాలకు మనిషిని పెట్టుకో. ఈ అమ్మాయి దగ్గర కూర్చుని నాకేమైతే ఏం చెయ్యాలో నేర్చుకో. నాకైతే ఎవరూ నేర్పలేదు."